ఎడమచేతి గోడ

లిఫ్టులు బాగుచేసే అతనికి ఎత్తంటే భయం లేదు. చీకటి బావిలాంటి సందులో, ఇనుప తాళ్లకు వేలాడే పెట్టె నెత్తిమీద నిలబడి, టార్చి నోట కరుచుకుని పనిచేస్తాడు. కింద ఎన్ని అంతస్తులున్నాయో చూడడు. అది ధైర్యమేం కాదు, అలవాటు. అతని భయమంతా నేలమీదే ఉంది. గేటు తీసి ఉన్నా, ఎక్కడో నీళ్ల చప్పుడు వినిపించినా అరికాళ్లు చల్లబడతాయి. కూతురి చెయ్యి తన చేతిలో ఉందా అని చూసుకుంటాడు. పిల్ల పక్కన లేనప్పుడు కూడా చూసుకుంటాడు.

పిల్లని ఇంట్లో గువ్వ అంటారు. తొమ్మిదేళ్లు. ఆటిజం అని చిన్నప్పుడే చెప్పారు. మాటలు తక్కువ. గొంతులో ఎప్పుడూ సన్నటి కూనిరాగం ఒకటి నడుస్తూ ఉంటుంది. అతను మోటారు చప్పుడు విని రోగం చెప్పే మనిషి కాబట్టి ఆ రాగాన్నీ అలాగే వింటాడు. సమంగా ఉంటే పిల్ల కులాసాగా ఉన్నట్టు. పైకి లేస్తుంటే భయపడుతున్నట్టు. అప్పుడు పేరు పెట్టి అరిస్తే పరుగు తీస్తుంది. పట్టుకుంటే ఒళ్లంతా వదిలేసి ఎక్కడుంటే అక్కడే కూలబడిపోతుంది. బయట నడిచేటప్పుడు ఎడమచెయ్యి గోడకు ఆనించి నడుస్తుంది. గోడ ఉంటే చాలు, లోకం ఉన్నట్టే.

మొదటిసారి సెలవులకి సముద్రానికి తీసుకెళ్లారు. అప్పటికి గువ్వకి నాలుగేళ్లు. ఇసుకలో దించగానే బట్టలతో, చెప్పులతో తిన్నగా నీళ్లలోకి నడిచింది. పరుగెత్తలేదు, కేరింతలు కొట్టలేదు. తెలిసిన గదిలోకి వెళ్లినట్టు వెళ్లింది. అతను వెనకనుంచి అందుకునేసరికి నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. పిల్ల ముఖంలో బెదురన్నది లేదు. అది లేకపోవడమే అతని గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

రెండోసారి నీళ్లు లేని చోటు ఏరికోరి ఒక పెద్ద హోటలుకు వెళ్లారు. చేతులు కడుక్కునే చోట గోడకున్న ఆరబెట్టే యంత్రం ఒక్కసారిగా గర్జించింది. గువ్వ నేలమీద పడి తన మణికట్టు తనే కొరుక్కుంది. జనం మూగారు. ఒకాయన ఫోను పైకెత్తి వీడియో తీశాడు. మేనేజరు నడుం వంచి, ఎంతో మర్యాదగా, "మీకు ఇంట్లోనే సుఖంగా ఉంటుందేమో సార్" అన్నాడు. పెట్టె విప్పకుండానే వెనక్కి వచ్చేశారు.

ఆ తర్వాత సెలవు మాట ఎవరూ ఎత్తలేదు. చాన్నాళ్లకి ఎత్తింది భార్యే. ఆమె కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దస్తమానం ఎవరి ముక్కుమీదో ఫ్రేము సర్ది "ఇప్పుడు దూరం కనిపిస్తోందా?" అని అడగడం ఆమె ఉద్యోగం. ఒక సాయంత్రం గిన్నెలు తోముతూ, వెనక్కి తిరగకుండానే అంది.

"నాకు ఈ కిటికీ కాకుండా ఇంకో కిటికీ కావాలి. రెండు రోజులు చాలు."

"నీకు తెలుసు కదా..."

"తెలుసు. మీకు భయం. నాకు లేదనుకుంటున్నారా? భయపడుతూనే అంట్లు తోముతున్నాను. భయపడుతూనే బయటికీ వెళ్దాం."

అతను మర్నాటినుంచి మధ్యాహ్నం భోజనాల వేళ లిఫ్టు పక్కన మెట్లమీద కూర్చుని ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. గది తలుపుకి పైన గడియ ఉందా? పక్కగదిలో పాటలు పెడతారా? పొద్దున్నే గంటలేమైనా మోగుతాయా? చుట్టుపక్కల నదిగానీ చెరువుగానీ ఉందా? ఒకాయన ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పి చివర్లో అడిగాడు: "ఇంతకీ మీరు ఉండటానికి వస్తున్నారా, మాకు కన్నం వెయ్యటానికా?" ఇంకొకావిడ గదులన్నీ ఖాళీయే అంది. ఆటిజం అన్న మాట వినగానే కాసేపు ఊరుకుని, గదులన్నీ నిండిపోయాయంది. అతను ఆమెను తప్పు పట్టలేదు. ఫోను జేబులో పెట్టుకుని, అన్నం డబ్బా మూత పెట్టేశాడు. తిన్నాడో లేదో గుర్తులేదు.

చెల్లెలు ఫోన్ చేసి నవ్వింది. "అన్నయ్యా, నువ్వు పిల్లకి సెలవులు వెతుకుతున్నావా, సంబంధం వెతుకుతున్నావా? ఏంటా ఆరా!"

"నీకేం తెలుసే. నువ్వు పిల్లల్ని కారెక్కించి తలుపేస్తే చాలు, సెలవులైపోతాయి."

"పోనీ, వదినని, పిల్లని మా ఇంటికి పంపు. నువ్వక్కడ కూర్చుని భయపడు."

ఎట్టకేలకు ఒకచోటు దొరికింది. ఎక్కడో కొండవాలున, ఊరికి దూరంగా, ఒంటరి ఇల్లు. ఇంటావిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినడం ఆమెకు చేతనవును. అంతా విని, "నదీ లేదు, చెరువూ లేదు నాయనా. మాట్లాడటానికి మనిషే లేడు. రండి" అంది.

అతని పనిలో ఒక పద్ధతుంది. బాగుచేసిన లిఫ్టులో వెంటనే మనుషుల్ని ఎక్కించరు. ముందు ఖాళీ పెట్టెని పైకీ కిందికీ నడిపి చూస్తారు. ఎక్కడ కుదుపుతుందో, ఎక్కడ పట్టేస్తుందో వింటారు. అన్నీ సరిగ్గా ఉంటేనే తలుపు తీస్తారు. గువ్వ సెలవునీ అలాగే ముందు ఇంట్లోనే ఖాళీగా నడిపి చూద్దామని అతనికి తోచింది.

ఆదివారాలు రిహార్సల్. ముగ్గురూ సంచులు సర్దుకుని కిందికి దిగేవారు. అపార్టుమెంటు ప్రహరీ చుట్టూ తిరిగి మళ్లీ పైకొచ్చి తమ తలుపు తామే కొట్టేవారు. లోపల హాల్లో పరుపు, దానిమీద సెలవు దుప్పట్లు. "ఇది సెలవు ఇల్లు" అనేది తల్లి. గువ్వకిష్టమైన తెల్ల పళ్లెంలో ఉడికించిన బంగాళాదుంపలు పెట్టేవారు. అది తిన్నాక అతను "సెలవు అయిపోయింది, ఇంటికి" అనేవాడు. గువ్వ చెప్పులు వేసుకుని, సంచి తగిలించుకుని, గేటు దాటి, ప్రహరీకి ఎడమచెయ్యి ఆనించి నడిచేది. మూల వచ్చినప్పుడల్లా అతను "ఎడమకి" అనేవాడు. చుట్టు తిరిగి అదే గేటు, అదే లిఫ్టు. పైకెళ్లి సంచి మేకుకు తగిలిస్తే ఇల్లు చేరినట్టు. మొదట ఏడ్చింది. తర్వాత ఊరుకుంది. ఆ తర్వాత చెప్పకుండానే అన్నీ వరసగా చేసేది. కూనిరాగం సమంగా నడిచేది. తల్లీతండ్రీ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పొంగిపోయారు.

అతనితో పనిచేసే మెకానిక్ ఎవరి దగ్గరో విని అడిగాడు. "ఏంటి గురూ, వారం వారం మూటాముల్లే సర్దుకుని మీ ఇంటికి మీరే చుట్టాలొస్తున్నారట?"

"అవును. మర్యాదలు బాగా చేస్తున్నారు" అన్నాడతను.

బయలుదేరిన రోజున బస్సులో గువ్వ కిటికీ పక్కన కూర్చుని అద్దానికి నుదురు ఆనించింది. అతను దారి పొడుగునా కళ్లలో వత్తులు వేసుకుని నీళ్లకోసమే చూశాడు. వంతెన వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టాడు. ఏమీ కాలేదు. కాకపోయేకొద్దీ భయం పెరిగింది. కొండవాలున దిగేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

ఇల్లు చిన్నది, శుభ్రంగా ఉంది. ముందు వరండా, చిన్న గేటు, ఇంటి చుట్టూ మనిషెత్తు రాతి ప్రహరీ. ప్రహరీ చూడగానే గువ్వ కూనిరాగం సర్దుకుంది. "చూశారా" అంది భార్య. అతను ఇల్లంతా తిరిగి స్విచ్చులు వేసి చూశాడు, ఫ్యాను చప్పుడు విన్నాడు, వంటింటి కిటికీలోంచి వెనక్కి తొంగిచూశాడు. పెరట్లో రాళ్లు, పిచ్చిమొక్కలు. వాటి వెనక గోడమీద దట్టంగా తీగ అల్లుకుని ఉంది.

"ఆ గోడవతల ఏముందమ్మా?"

"రాయి తవ్విన గుంట నాయనా. ఎప్పుడో ఆపేశారు."

"నీళ్లున్నాయా?"

"వానలకి నిండింది."

భార్య అతని మోచెయ్యి పట్టుకుంది.

"నీళ్లు లేవన్నారు కదమ్మా" అంది.

"నది ఉందా అన్నారు, లేదన్నాను. చెరువన్నారు, లేదన్నాను. గుంట కూడా చెప్పాలా?" అని పెద్దావిడ ఇద్దరి ముఖాలూ చూసి గొంతు తగ్గించింది. "మధ్యలో అంత గోడ ఉందిగా. పిల్ల ఎక్కలేదులే."

తిరుగు బస్సు మర్నాటి పొద్దున దాకా లేదు. అతను గోడవైపు ఇంకోసారి చూశాడు. ఆ కొసనుంచి ఈ కొసదాకా పచ్చగా, ఎక్కడా తెగకుండా కనిపించింది. చేత్తో తట్టి చూడందే అతను దేన్నీ నమ్మడు. కానీ ఆ క్షణంలో పెరటి తలుపు అతని కళ్లకు నీళ్లలోకి తెరుచుకున్న తలుపులా కనిపించింది. ముందున్న గేటు సంగతి గుర్తే రాలేదు.

"ముందు ఈ తలుపుకి పైన గడియ బిగిస్తాను. తర్వాత వెళ్లి గోడ చూసొస్తాను" అన్నాడు. గడియ, మేకులు, స్క్రూడ్రైవరు ఇంటినుంచే తెచ్చుకున్నాడు.

గువ్వ వరండాలో, వెంట తెచ్చిన తెల్ల పళ్లెం ముందు కూర్చుంది. తల్లి బంగాళాదుంపలు పెట్టింది. పిల్ల ఒక్క ముక్క వదలకుండా తింది. తల్లి పళ్లెం కడగడానికి వంటింట్లోకి వెళ్లింది. పెద్దావిడ టీ పెడుతోంది. అతను స్టూలెక్కి, ఇంటికి వెనకనున్న తలుపుకి గడియ బిగిస్తున్నాడు. పాత చెక్క, గట్టిది. స్క్రూ దిగడానికి మొరాయించింది. చివరిది బిగించి, గడియ వేసి, తీసి, మళ్లీ వేసి, "అయింది" అన్నాడు.

అప్పుడు వినిపించింది, ఏమీ వినిపించకపోవడం. మోటారు ఆగినట్టు.

వరండాలోకి వచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉంది.

"గువ్వేది?" అంది భార్య, చేతిలో తడి పళ్లెంతో.

"నీ దగ్గర లేదా?"

"మీ దగ్గర ఉందనుకున్నాను."

మంచం కింద చూశారు, స్నానాలగదిలో చూశారు, తలుపుల వెనక చూశారు. పెద్దావిడ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి "అయ్యో, అయ్యో" అంటోంది. అతను పెరటి తలుపు దగ్గరికి ఉరికాడు. గుంట దగ్గరికి అదే దగ్గర దారి. తనే బిగించిన గడియ తన వేళ్లకి లొంగలేదు.

"ఆగండి" అంది భార్య. ఆమె గొంతు ఎప్పుడూ లేనంత మెల్లగా ఉంది. "చెప్పుల్లేవు. సంచి కూడా లేదు."

"అయితే?"

"పారిపోతే చెప్పులు వేసుకోదు." ఆమె చేతిలోని పళ్లెం వంక చూసింది. "తినడం అయిపోయింది కదండీ. సెలవు అయిపోయిందనుకుంది. ఇంటికెళ్తోంది."

అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆదివారాలన్నీ కళ్లముందు తిరిగాయి. గేటు, ఎడమకి, గోడ, మళ్లీ ఎడమకి. ఎక్కడా పొల్లుపోకుండా తామే నేర్పారు. ఖాళీ పెట్టె ఎంత నున్నగా నడిచిందో!

"గేటు నుంచి నేను ఎడమకి వెళ్తాను. మీరు కుడినుంచి చుట్టి రండి. ఎవరో ఒకరికి ఎదురొస్తుంది" అంది భార్య. "పిలవకండి. మీకు దణ్ణం పెడతాను, పిలవకండి."

అతను కుడికి పరుగెత్తాడు. బూట్ల చప్పుడు పిల్లకి వినబడుతుందేమోనని విప్పి పారేసి, ఉత్త కాళ్లతో పరుగెత్తాడు. మొదటి మూల తిరిగాడు. ఎవరూ లేరు. గోడ పొడుగునా ముళ్లపొదలు. పేరు గొంతుదాకా వచ్చింది. మింగాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ మింగాడు. కన్నకూతురిని పిలవకుండా వెతకడం ఎలా ఉంటుందో ఎవరికి చెబితే తెలుస్తుంది? రెండో మూల తిరిగాడు. ఇది వెనకగోడ. ఇక్కడినుంచి కాలిబాట సన్నబడింది. కుడిచేతి వైపు గోడ, ఎడమచేతి వైపు నీళ్లు.

గుంట పెద్దది. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. అంచులు నిట్టనిలువుగా కోసిన రాయి. దిగడానికి మెట్టులేదు, పట్టుకోవడానికి కొమ్మలేదు.

కొంచెం ముందుకెళ్లాక గోడ లేదు. వానలకు కూలి, బాటను కూడా వెంట తీసుకుని గుంటలోకి జారిపోయింది. తీగ మాత్రం జారలేదు. కూలిన జాగాలో రాళ్లకుప్పమీదే పాకి, పైకి లేచి, పక్కనున్న చెట్టుకొమ్మను పట్టుకుంది. కిటికీలోంచి చూస్తే తెగని గోడలా కనిపించింది అదే.

ఆ తెగిన గోడకి అవతలి కొసన గువ్వ నిలబడి ఉంది.

సంచి వీపున ఉంది. ఎడమచెయ్యి ఆఖరి రాయిమీద ఉంది. ఆ చెయ్యి ముందుకు వెళ్లి గాలిని తాకి, మళ్లీ రాయిమీదికి వస్తోంది. కుడికాలు కూడా అలాగే ముందుకు వెళ్లి వెనక్కి వస్తోంది. ముందు బాటలేదు. కాలు ఆనిందో, తిన్నగా నీళ్లే. పిల్ల నీళ్లవైపు చూడటంలేదు. గోడ ఏమైందా అని చూస్తోంది. కూనిరాగం అతనికి వినబడింది. పైకి లేస్తోంది.

ఆ రాగం ఎక్కడిదాకా లేస్తుందో, లేచాక ఏమవుతుందో అతనికి తెలుసు. పిలిస్తే పరుగు తీస్తుంది. పట్టుకుంటే కూలబడుతుంది. రెండింటికీ ముందున్నది గుంటే.

అతను కూలిన జాగాలోంచి పెరట్లోకి అడుగుపెట్టాడు. రాళ్లకుప్ప మీదుగా, కదిలే రాయేదో కదలని రాయేదో అరికాళ్లతో చూసుకుంటూ, ఒక్కొక్క అడుగే వేశాడు. తీగ కాళ్లకు చుట్టుకుంది. ఎక్కడో ఒక చిన్నరాయి జారి గుంటలో పడింది. చప్పుడు ఆలస్యంగా వినిపించింది. గువ్వ రాగం ఒక్కసారిగా ఎగసింది. అతను రాయిలా నిలబడిపోయాడు. రాగం కొంచెం తగ్గింది. మళ్లీ కదిలాడు.

గోడకొస దాకా వచ్చాడు. ఇప్పుడు పిల్ల చెయ్యి అతనికి జానెడు దూరంలో ఉంది. ఒళ్లంతా ఆ చెయ్యి అందుకోమంటోంది. అందుకోలేదు. ఆఖరి రాయికి తన భుజం ఆనించి నిలబడి, కుడిచెయ్యి పెరటివైపుకి బారగా చాపాడు. గోడ అక్కడ మూల తిరిగినట్టు. ముచ్చెమట్లు కళ్లలోకి కారుతున్నాయి. తుడుచుకోలేదు. గోడ చెమట తుడుచుకోదు.

"ఎడమకి" అన్నాడు, ఆదివారాల గొంతుతో. గొంతు ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

గువ్వ చెయ్యి గాలిలోకి వెళ్లి వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. అతని భుజం తగిలింది. వేళ్లు చొక్కా గుడ్డని నలిపి చూశాయి. ఇది రాయి కాదని వాటికి తెలిసింది. అతను ఊపిరి తీయలేదు. వేళ్లు కాసేపు అక్కడే ఆగి, భుజంనుంచి మోచేతికి జారాయి. పిల్ల తిరిగింది. నీళ్లు ఆమె వీపువైపుకి వెళ్లాయి. మోచేతినుంచి మణికట్టుకి. ఒక కాలు పెరట్లో పడింది. తర్వాత రెండోది.

అతని చెయ్యి అక్కడితో అయిపోయింది. అప్పటికి భార్య గోడ వెంబడే వచ్చి గువ్వ వెనక నిలబడి ఉంది. ఆమె రాళ్లమీద చప్పుడు కాకుండా చుట్టి వచ్చి, అతని వేళ్లకొసల దగ్గర తన భుజం పెట్టింది. గువ్వ చెయ్యి తండ్రి వేళ్లమీంచి తల్లి భుజంమీదికి మారింది. అతను వెనకనుంచి దాటి ముందుకొచ్చి మళ్లీ గోడయ్యాడు. అలా ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు గోడగా నిలబడుతూ, పిచ్చిమొక్కల మధ్యనుంచి ఇంటి వెనకగోడ దాకా తెచ్చారు. అసలు గోడ చేతికి తగలగానే గువ్వ వాళ్లిద్దర్నీ వదిలేసి, ఇల్లు చుట్టి, వరండాలోకి వెళ్లిపోయింది. చెప్పులు విప్పింది. మేకు కనిపించక కాసేపు వెతికి, సంచి కిటికీ గడియకి తగిలించింది. కూనిరాగం సమంగా నడవడం మొదలుపెట్టింది.

"ఇల్లు చేరిందట" అంది భార్య. నవ్వబోయి, ముఖం చేతుల్లో దాచుకుంది. పెద్దావిడ ఆమె వీపు నిమురుతూ, "నా కళ్లు కాలా, గోడ పడిన సంగతే చూడలేదమ్మా. వెనక్కి ఎవరు పోతారు" అని అదే మాట పదే పదే అంది.

కాసేపటికి అతను అన్నాడు. "పొద్దున బస్సుకే వెళ్లిపోదాం."

"వెళ్లడం నేర్పాం. తిరిగి రావడం నేర్పాం" అంది భార్య. "మధ్యలో ఉండటమే నేర్పలేదు. పళ్లెం ఖాళీ అయ్యేసరికి లేపేసేవాళ్లం."

"అయితే?"

"ఈసారి ఉండటం నేర్పుదాం. నేను దాని పక్కనుంచి కదలను. స్నానానికి కూడా వెళ్లను. మీరు ఆ గోడ సంగతి చూడండి."

"నాకు భయంగా ఉంది."

"నాకు లేదన్నానా?"

అతను లేచి, వెనక షెడ్డులో వాడకుండా పడున్న పాత తలుపొకటి పెద్దావిడ చూపిస్తే, దాన్ని వీపుమీద మోసుకెళ్లి కూలిన జాగాకి అడ్డం పెట్టాడు. పెద్దావిడ ఇనుప మంచం తెచ్చి ఇచ్చింది. రెండింటినీ తాడుతో కలిపి కట్టాడు. కట్టినదాన్ని తోసి చూశాడు. తన బరువంతా వేసి చూశాడు. సందుల్లో రాళ్లు పేర్చి, ఒక్కొక్క రాయీ కదిపి చూశాడు. ఇంటిలోంచి తల్లి గొంతు, దానికింద పిల్ల కూనిరాగం వినబడుతున్నాయి.

పని అయ్యాక ఆ తలుపుకి వీపు ఆనించి, ఇంటివైపు తిరిగి కూర్చున్నాడు. అప్పుడు మొదలైంది వణుకు. మోకాళ్లలో మొదలై పైకి పాకింది. రెండు చేతులతో మోకాళ్లు అదిమి పట్టుకున్నాడు.

పెద్దావిడ వరండా కొసనుంచి పిలిచింది. "లే నాయనా, టీ చల్లారిపోతోంది."

"వస్తానమ్మా" అన్నాడు. "కాళ్లు రానీ."